మోర్డెన్ బండి ఎక్కాను, ఛేరింగ్ క్రాస్ రాలేదు. లండన్ నార్తర్న్ లైన్ ఎందుకిలా చీలింది?

పాత కంట్రోలర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. వాల్తేరు రైల్వే కంట్రోల్ ఆఫీసులో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. బండ్ల చార్టు గీయడం తప్ప మరో విద్య రాదు. రెండు నెలలుగా లండన్‌లో కోలిండేల్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఉదయం తొమ్మిది అయ్యేసరికి కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవడు బడికి వెళ్లిపోతారు. ఇక ఇంట్లో నేనూ, మా ఆవిడా, జేబులో నాలుగు మడతలు పెట్టిన ట్యూబ్ (ఇక్కడి భూగర్భ రైలు) మ్యాపూ మిగులుతాం.

పోయిన మంగళవారం నా పరువు పోయింది. నాతో అదే ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చున్న మిత్రుడు కూతురి ఇంటికి వచ్చి ఉన్నాడు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో సింహాల దగ్గర పదకొండు గంటలకు కలుద్దామనుకున్నాం. దానికి దగ్గరి స్టేషన్ ఛేరింగ్ క్రాస్. మ్యాపు తీసి చూశాను. కోలిండేల్ నుంచి నల్లగీత నేరుగా కిందికి దిగి ఛేరింగ్ క్రాస్ మీదుగా మోర్డెన్ దాకా పోతోంది. ప్లాట్‌ఫారం మీద బోర్డు చూస్తే మోర్డెన్ అని ఉంది. ఎక్కి కూర్చున్నాను. విశాఖలో విజయవాడ బండి ఎక్కినవాడికి దారిలో రాజమండ్రి తగలకుండా పోతుందా చెప్పండి?

తగలలేదు. క్యామ్డెన్ టౌన్ దాటింది, యూస్టన్ వచ్చింది, ఆ తరువాత వారెన్ స్ట్రీట్ రావాలి కదా, కింగ్స్ క్రాస్ వచ్చింది. మ్యాపు మళ్లీ విప్పి కళ్లజోడు సర్దుకుని చూస్తే అప్పుడు కనబడింది, నల్లగీత క్యామ్డెన్ దగ్గర రెండుగా చీలి ఉంది. నేను రెండో పాయలో ఉన్నాను. అక్కడే దిగి వెనక్కి పోవచ్చు, కానీ ఆ రెండు పాయలూ కింద కెన్నింగ్టన్ అనే చోట మళ్లీ కలుస్తున్నాయని చూశాక దిగబుద్ధి కాలేదు. చూద్దాం దీని సంగతి అని అక్కడి దాకా పోయి, ఎదుటి బండి పట్టుకుని ఛేరింగ్ క్రాస్ చేరేసరికి పన్నెండు కావస్తోంది. మావాడు సింహం కన్నా గంభీరంగా నిలబడి ఉన్నాడు. "ముప్ఫై ఏళ్లు ఊరందరి బండ్లూ నడిపినవాడివి, నీ బండి నువ్వు ఎక్కలేకపోయావా" అన్నాడు. మా ఆవిడ ఇచ్చిన చేగోడీల సంచి చేతిలో పెడితే తప్ప శాంతించలేదు.

తప్పు నాదే, బోర్డు పూర్తిగా చదవలేదు. నా ప్రశ్న అది కాదు. ఉత్తరాన రెండు కొమ్మలు, నడిమిన రెండు పాయలు, దక్షిణాన మళ్లీ రెండు కొమ్మలు. దీన్నంతటినీ ఒకే పేరుతో, ఒకే నల్లరంగుతో ఎందుకు ఉంచారు? ఏ కంట్రోలరూ తన ఇష్టంతో ఇటువంటి లైను గీసుకోడు. ఎవరో రెండు వేరు లైన్లు తెచ్చి ముడివేశారని నా అనుమానం. తెలిసినవారు చెప్పగలరా?


హెండన్ విద్యార్థి:

అంకుల్, నేను వచ్చిన మొదటి వారంలో అచ్చం ఇదే పని చేశాను. మీకు చేగోడీలైనా ఉన్నాయి, నాకు తిట్లే మిగిలాయి.

బోర్డు మీద చివరి స్టేషన్ పేరు చూసి ఎక్కకండి. దాని పక్కన "బ్యాంక్ మీదుగా" (బ్యాంక్ అనేది రెండో పాయలోని స్టేషన్ పేరు), "ఛేరింగ్ క్రాస్ మీదుగా" అని రాసి ఉంటుంది, చూడాల్సింది అదే. బండిలోనూ చెబుతారు. ఒకవేళ పొరపాటున ఎక్కినా కంగారు లేదు, యూస్టన్‌లో దిగి రెండో దానికి మారిపోండి. రెండు పాయలూ అక్కడ ఆగుతాయి.

చరిత్ర నాకు తెలియదు. రేపు పరీక్ష ఉంది.


టూటింగ్ బెక్ కోడలు:

తమ్ముడూ, పరీక్ష బాగా రాయి, కానీ యూస్టన్‌లో దిగమని మాత్రం ఎవరికీ చెప్పకు. పేరుకు ఒకే స్టేషన్, లోపల ఆ రెండు పాయల ప్లాట్‌ఫారాలూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. మెట్లూ నడవాలూ తిరిగి తిరిగి పెద్దవాళ్లకు మోకాళ్లు పట్టేస్తాయి.

బాబాయి గారూ, మీరు దిగవలసింది క్యామ్డెన్ టౌన్‌లో. అక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఎడ్జ్‌వేర్ వైపు నుంచి, అంటే మీ కోలిండేల్ నుంచి దక్షిణానికి వచ్చే బండ్లన్నీ ఒకే ప్లాట్‌ఫారం మీద ఆగుతాయి, అవి బ్యాంక్ వెళ్లేవైనా ఛేరింగ్ క్రాస్ వెళ్లేవైనా సరే. కాబట్టి తప్పు బండి ఎక్కారని తెలిస్తే దిగి అక్కడే నిలబడండి, తరువాతిదో ఆ తరువాతిదో మీదవుతుంది. తొందరగా ఉంటే పక్క ప్లాట్‌ఫారానికి వెళ్లవచ్చు, హై బార్నెట్ వైపు నుంచి వచ్చేవి అక్కడ ఆగుతాయి. సాయంత్రంపూట ఈ రెండింటి మధ్య నడవాలో జనం నిలబడి తల ఇటూ అటూ తిప్పుతూ బోర్డులు చూస్తుంటారు, టెన్నిస్ ఆట చూస్తున్నట్టు. ఒక బోర్డు మీద "1 నిమిషం" అని పడగానే గుంపంతా అటు పరుగెడుతుంది. పదహారేళ్లుగా ఆ గుంపులో నేనూ ఉన్నాను.

ఇక మీ అనుమానం. నూటికి నూరుపాళ్లు నిజం. నా ఉద్యోగం సొరంగాల లెక్కలే కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను, విసుగొస్తే చెప్పండి.

బ్యాంక్ పాయ పుట్టుక వేరు. దాని పేరు సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే. 1890 డిసెంబరులో జనానికి తెరిచారు. సిటీలో, అంటే లండన్ పాత వ్యాపార కేంద్రంలో, కింగ్ విలియం స్ట్రీట్ నుంచి నది కింద దూరి స్టాక్‌వెల్ దాకా, అంతే. నేల లోతున సొరంగం తవ్వి విద్యుత్తుతో బండ్లు నడిపిన రైళ్లలో ప్రపంచంలో మొదటిది అదే. అంతకు ముందు 1863లో వచ్చిన మెట్రోపాలిటన్ రైల్వే రోడ్డు తవ్వి, పట్టాలు వేసి, పైన కప్పు వేసి మూసినది. అందులో నడిచినవి ఆవిరి ఇంజన్లు. ఈ 1890 దాన్ని కూడా మొదట ఇనుప తాడుతో లాగే బండ్లకోసమే తవ్వారు, అంటే తాడు కట్టి లాగించాలని! తాడు కంపెనీ దివాలా తీయడంతో విద్యుత్తుకు మారారు. తాడుకు సరిపోతుందని సొరంగాన్ని చాలా ఇరుకుగా తవ్వేశారు, వ్యాసం 3 మీటర్ల పైచిలుకు మాత్రమే. పెట్టెలకు కిటికీలు కూడా సరిగా పెట్టలేదు. భూమిలోపల చూడటానికి ఏముంది అనుకున్నారట. మెత్తలు కుట్టిన గోడలతో ఆ పెట్టెలను చూసి జనం పిచ్చాసుపత్రి గదులని పేరు పెట్టారు.

ఆ సొరంగం తవ్వించిన ఇంజనీరు జేమ్స్ హెన్రీ గ్రేట్‌హెడ్. ఆయన వాడింది ఒక ఇనుప గొట్టం లాంటి కవచం. దాన్ని ముందుకు నెడుతూ, లోపల మనుషులు బంకమట్టి తవ్వుతుంటే, వెనక ఇనుప ముక్కలను గుండ్రంగా బిగించుకుంటూ పోయేవారు. బావిలో ఒర దించడం చూశారు కదా, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి ఊహించుకోండి. బ్యాంక్ స్టేషన్ బయట కార్న్‌హిల్ వీధి నడిమధ్యన టోపీ పెట్టుకుని, చేతిలో ప్లాను చూస్తూ ఒక కంచు విగ్రహం ఉంటుంది, అది ఆయనే. విగ్రహం కింద దిమ్మె చుట్టూ జాలీ పెట్టి ఉంటుంది, ఎందుకంటే ఆ దిమ్మె బోలు. స్టేషన్‌లోకి గాలి పోయే దారి అది. వాళ్ల పనికి వచ్చే విగ్రహం పెట్టుకున్నారు. ఊళ్లో ఎన్ని విగ్రహాలున్నా నాకు ఇదొక్కటే నచ్చుతుంది.

ఛేరింగ్ క్రాస్ పాయ మరొక కంపెనీది. 1907 జూన్‌లో తెరిచారు. చార్లెస్ యెర్కీస్ అనే అమెరికా వ్యాపారి డబ్బు సమకూర్చాడు, తెరిచే రోజు చూడకుండానే పోయాడు. ఛేరింగ్ క్రాస్ నుంచి క్యామ్డెన్ టౌన్, అక్కడ చీలి ఒక కొమ్మ గోల్డర్స్ గ్రీన్‌కు, మరొకటి ఇప్పుడు ఆర్చ్‌వే అంటున్న చోటికి. అంటే మీ ఉత్తరపు చీలిక పుట్టుకతో వచ్చినదే.

1913 నాటికి రెండూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక నిరుద్యోగం పెరిగితే, పనులు కల్పించడానికి ప్రభుత్వం రుణాలకు హామీ ఇచ్చింది. ఆ డబ్బుతో రెండింటినీ ముడివేశారు. ముడివేయాలంటే ఒకదాని బండి రెండో దానిలో పట్టాలి కదా. పాత ఇరుకు సొరంగాన్ని వెడల్పు చేశారు. ఇనుప కడియాలను విప్పి, చుట్టూ మట్టి చెక్కి, పాత ముక్కల మధ్య కొత్త ముక్కలు చేర్చి మళ్లీ బిగించారు. మా అమ్మమ్మ బిగుతైన గాజును విప్పించి రెండు గోధుమగింజలంత బంగారం అతికించుకున్నట్టు. 1924లో యూస్టన్, క్యామ్డెన్ కలిశాయి. మీ కోలిండేల్ స్టేషన్ కూడా ఆ ఏడాదిదే. 1926లో అటు ఛేరింగ్ క్రాస్ పక్కనున్న ఎంబాంక్‌మెంట్ స్టేషన్ నుంచి కెన్నింగ్టన్ దాకా తెచ్చి కలిపారు, ఇటు మోర్డెన్ దాకా పొడిగించారు. ఒక పొట్టలో రెండు పేగుల్లా రెండు పాయలూ మిగిలిపోయాయి. పేరు పెట్టడానికి మాత్రం తంటాలు పడి, చివరకు 1937లో నార్తర్న్ లైన్ అన్నారు. ఉత్తరాన ఇంకా చాలా దూరం పొడిగించాలనే ప్రణాళిక అప్పట్లో నడుస్తుండేది. అందులో కొంతే పూర్తయింది, పేరు నిలిచిపోయింది. ట్యూబ్ లైన్లన్నిటిలోనూ దక్షిణానికి అందరికన్నా దూరం పోయేది ఈ "ఉత్తరపు" లైనే, మోర్డెన్‌తో.


పాత కంట్రోలర్:

అమ్మా, విసుగెక్కడిది. రెండుసార్లు చదివాను, మా ఆవిడకు గాజుల ముక్క చదివి వినిపించాను.

మరి రెండు సందేహాలు. గోల్డర్స్ గ్రీన్ స్టేషన్ ఆరుబయటే ఉంది కాబట్టి అక్కడ బెంచీ మీద కూర్చుని పట్టాలు బాగా చూశాను. మూడో పట్టా అంటే తెలుసు, మన బెంగళూరు మెట్రోకి కరెంటు దాని నుంచే అందుతుంది. ఇక్కడ నాలుగు ఉన్నాయి! బండి నడిచే రెండింటి మధ్యన పింగాణీ గిన్నెల మీద ఒకటి, బయటి పక్కన మరొకటి. మధ్యలో ఉన్నది ఎందుకు? మనకు 25 వేల వోల్టులు పైన తీగలో వచ్చి, పని చేసుకుని, నడిచే పట్టాల్లోంచే తిరిగిపోతుంది. వీళ్లకు తిరుగుదారికి వేరే పట్టా ఎందుకు కావలసి వచ్చింది?

రెండోది కెన్నింగ్టన్. ఆ రోజు నేను ఎదుటి బండి కోసం నిలబడి ఉండగా, ఛేరింగ్ క్రాస్ నుంచి వచ్చిన ఒక బండిని "అందరూ దిగండి" అని ఖాళీ చేయించారు. తలుపులు మూసుకుని ముందుకే పోయింది. వెనక్కి రావలసిన బండి ముందుకు ఎక్కడికి పోతుంది? విశాఖ స్టేషన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. విజయవాడ నుంచి హౌరా వెళ్లే బండి లోపలికి వచ్చాక మళ్లీ వచ్చిన వైపే బయటపడాలి. ఇంజను ఒక కొసన విప్పి, రెండో కొసన తగిలించి, బ్రేకు పరీక్ష చేసి పంపేసరికి ప్లాట్‌ఫారం అంతసేపూ కట్టుబడిపోతుంది. నా ఉద్యోగంలో సగం నిద్ర దానికే పోయింది. అందుకే అడుగుతున్నాను.


యమునా బ్యాంక్ ప్రయాణికుడు:

చర్చ బాగుంది. ఢిల్లీలో పన్నెండేళ్లుగా లక్ష్మీనగర్‌లో ఉంటున్నాను కాబట్టి చీలిన లైను అంటే నాకూ తెలుసు. మా బ్లూ లైన్ ద్వారక వైపు నుంచి వచ్చి యమునా బ్యాంక్ దగ్గర రెండుగా చీలుతుంది, ఒకటి నోయిడాకు, ఒకటి మా మీదుగా వైశాలికి. ఇక్కడ ఎవరూ తికమక పడరు. రాజీవ్ చౌక్‌లో బోర్డు మీద వైశాలి అంటే వైశాలే. కొమ్మలు చీలాక మళ్లీ కలవవు కాబట్టి చివరి ఊరి పేరు చాలు.

లండన్‌లో తప్పంతా అక్కడే ఉంది. చీలి, మళ్లీ కలిసి, ఒకే ఊరికి పోతే ఊరి పేరు చూసి ఏం లాభం? పెద్దాయన పొరపాటు పడ్డారంటే అది ఆయన తప్పు కాదు. రెండు పాయలకూ రెండు రంగులు వేస్తే ఒక్క రోజులో తేలిపోయేది. హైదరాబాద్ మెట్రోలో చూడండి, మూడు లైన్లు, ఎక్కడా కొమ్మలు లేవు. మారాలనుకుంటే అమీర్‌పేటలో దిగుతాం, అయిపోయింది. నూరేళ్ల కిందటి ముడిని ఇప్పటికీ విప్పుకోకపోవడం ఏం గొప్ప?


టూటింగ్ బెక్ కోడలు:

గొప్ప అని నేనెక్కడన్నాను? రోజూ తిట్టుకుంటూనే ఎక్కుతాను.

రంగులు వేయడం సులువే, బండ్లను విడదీయడమే కష్టం. లండన్ వాళ్లకు ఆ కోరిక ఎప్పటినుంచో ఉంది. కొమ్మలు లేని విక్టోరియా లైన్ రద్దీ వేళల్లో గంటకు 36 బండ్లు నడుపుతుంది, అంటే వంద సెకండ్లకొకటి. క్యామ్డెన్‌లో ప్రతి బండీ మరో బండికి దారి ఇచ్చుకుంటూ పోవలసిన నార్తర్న్ లైన్‌కు అది అందని ద్రాక్ష. దక్షిణాన ఇప్పటికే సగం విడిపోయింది. మోర్డెన్ బండ్లు దాదాపు అన్నీ బ్యాంక్ మీదుగానే వస్తాయి, ఛేరింగ్ క్రాస్ బండ్లు కెన్నింగ్టన్‌లో ఆగిపోతాయి, లేదా 2021 సెప్టెంబరులో తెరిచిన కొత్త కొమ్మలో బ్యాటర్సీ పవర్ స్టేషన్‌కు పోతాయి. ఉత్తరాన కూడా విడదీస్తే ఎడ్జ్‌వేర్ వాళ్లలో సగం మంది, బార్నెట్ వాళ్లలో సగం మంది క్యామ్డెన్‌లో దిగి మారాలి. నేను చెప్పిన ఆ నడవా ఆ జనాన్ని మోయలేదు. స్టేషన్‌నే పెద్దగా కట్టాలి, దానికి డబ్బు కావాలి.

క్యామ్డెన్ ఇరుకు కావడానికీ కారణం ఉంది. అప్పటి కంపెనీలు సొరంగాన్ని వీలైనంతవరకు రోడ్డు కిందే తీసుకుపోయేవి. ఇళ్ల కింద తవ్వితే ఇంటి యజమానులకు డబ్బు కట్టాలి కదా. వీధి సన్నగా ఉన్నచోట రెండు సొరంగాలు పక్కపక్కన పట్టక ఒకదాని మీద ఒకటి పెట్టారు. క్యామ్డెన్‌లో మీరు ఉత్తరపు బండి ఎక్కే ప్లాట్‌ఫారం కిందనే దక్షిణపు బండి పోతుంటుంది. లండన్ మ్యాపులో మీకు కనిపించని వంకరలన్నీ పైనున్న వీధుల వంకరలే. మ్యాపును 1933లో అచ్చువేసినప్పుడు హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఆ వంకరలన్నీ తీసేసి, అడ్డం, నిలువు, ఏటవాలు గీతలే ఉంచాడు. మీ కళ్లకు సుఖం, నిజానికి దూరం. క్యామ్డెన్, యూస్టన్ మధ్య ఛేరింగ్ క్రాస్ పాయ మీద మోర్నింగ్టన్ క్రెసెంట్ అని ఒక స్టేషన్ ఉంది చూడండి. మ్యాపులో అది బ్యాంక్ పాయకు పడమట కనిపిస్తుంది. నేల కింద అది తూర్పున ఉంది. పాయలు యూస్టన్ దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటాయి.

బాబాయి గారూ, నాలుగో పట్టా. బయటి పట్టాలో ధన 420 వోల్టులు, మధ్య పట్టాలో ఋణ 210, మొత్తం 630, అదీ డీసీ, అంటే ఎప్పుడూ ఒకే దిశలో పారే కరెంటు. నడిచే పట్టాల్లోంచి తిరిగి పంపితే డీసీ కరెంటులో కొంత పక్కకు జారి సొరంగపు ఇనుప కడియాల్లోకీ, వీధి కింద నీళ్ల గొట్టాల్లోకీ పోతుంది. పోయినచోట ఇనుమును కొరికేస్తుంది. ఇల్లంతా ఇనుమైనప్పుడు చెదపురుగును లోపలికి రానిస్తారా? అందుకని కరెంటు వచ్చే దారీ పోయే దారీ రెండూ పింగాణీ మీద విడిగా పెట్టారు. మీ గోల్డర్స్ గ్రీన్‌లో సొరంగం లేకపోయినా బండి అదే కాబట్టి పట్టాలూ అవే.

కెన్నింగ్టన్ సంగతి నేను చెప్పను. మీరే మళ్లీ వెళ్లి చూడండి. దిగగానే దక్షిణపు ప్లాట్‌ఫారం వదిలి, ఉత్తరానికి పోయే ఛేరింగ్ క్రాస్ ప్లాట్‌ఫారానికి వెళ్లి నిలబడండి. ఖాళీగా పోయిన బండి డ్రైవరు ముఖం మాత్రం గుర్తుపెట్టుకోండి.


పాత కంట్రోలర్:

వెళ్లాను. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించాలి, చూసినదాన్ని మా మనవడికి నోటుపుస్తకంలో బొమ్మ గీసి చూపిస్తూ రెండు రాత్రులు గడిచిపోయాయి.

ఈసారి కోలిండేల్‌లో బోర్డు పూర్తిగా చదివాను. "కెన్నింగ్టన్, ఛేరింగ్ క్రాస్ మీదుగా." మొదటి పెట్టెలో ఎక్కాను. హ్యాంప్‌స్టెడ్ దాటేటప్పుడు చెవులు దిబ్బడ వేశాయి. అది ఈ లైన్లలో అన్నిటికన్నా లోతైన స్టేషన్ అనీ, 58 మీటర్ల కింద ఉందనీ మా అబ్బాయి చెప్పాడు. బండి లోతుకు పోయింది అనుకుంటాం గానీ, నిజానికి పైన కొండ ఎక్కింది.

కెన్నింగ్టన్‌లో అందరినీ దించారు. ఒక ఉద్యోగి పెట్టె పెట్టెకూ తొంగి చూస్తూ, నిద్రపోతున్న ఒక కుర్రాణ్ని భుజం తట్టి లేపాడు. నేను ముందుకు నడిచి డ్రైవరును చూశాను. పెద్ద మనిషి, నెరసిన గడ్డం, మెడలో ఎర్ర మఫ్లరు. ముందు దీపాలు వెలుగుతున్నాయి. సొరంగం నోటి దగ్గర పట్టాలు మెల్లగా కుడిచేతికి వంగుతున్నాయి. బండి ఆ వంపులో పడి, వెనక ఎర్రదీపాలు ఒకదాని తరువాత ఒకటి గోడ చాటుకు పోయాయి. చప్పుడు కాసేపు వినిపించి తగ్గింది.

మీరు చెప్పినట్టు ఉత్తరపు ప్లాట్‌ఫారానికి వెళ్లి గడియారం చూసుకున్నాను. 11.42. ముందు గాలి వచ్చింది. ఈ సొరంగాల్లో బండి కన్నా ముందు గాలి వస్తుంది, బండి దాన్ని పిచికారీలో నీళ్లలా నెట్టుకొస్తుంది. తరువాత పట్టాలు సన్నగా పాడాయి. తరువాత దీపాలు. 11.47కి బండి వచ్చి ఆగింది. ముందు అద్దంలో ఎర్ర మఫ్లరు!

అదే మనిషి, అదే కుర్చీ, అదే ముఖం ముందుకు. లేచి రెండో కొసకు నడిచి రాలేదు. ఎవరూ ఏదీ విప్పలేదు, తగిలించలేదు. నేల కింద ఒక ఉచ్చులాగా గుండ్రంగా సొరంగం తవ్వి, బండి దానిలో చుట్టు తిరిగి వచ్చేలా చేశారు, అదీ 1926లో! నాకు అరవటమొక్కటే తక్కువ. పక్కనున్న ఒకావిడ నా వంక చూసి కాస్త దూరం జరిగింది. ఆ డ్రైవరు మాత్రం చూసి చెయ్యెత్తాడు. నేను తెలియకుండానే ఎత్తి ఉంటాను ముందు. కంట్రోల్ ఆఫీసులో ఉన్న ఇన్నేళ్లలో ఏ డ్రైవరు ముఖమూ నేను చూసింది లేదు, ఫోనులో గొంతులే.

ఒక సంగతి గమనించాను. చుట్టు తిరిగి వచ్చిన బండి మొత్తంగా తిరగబడుతుంది. అంటే ఇంతకు ముందు తూర్పు గోడను చూసిన కిటికీ ఇప్పుడు పడమటి గోడను చూస్తుంది. విశాఖలో మనం ఇంజనును మార్చేవాళ్లం, పెట్టెలు అలాగే ఉండేవి, మొదటి పెట్టె చివరిదైపోయేది. రిజర్వేషన్ కాగితం పట్టుకుని ప్రయాణికులు ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తేవాళ్లు. ఇక్కడ ముందున్నది ముందే ఉంది. విశాఖ కింద కొండా సముద్రమూ ఉన్నాయి కాబట్టి ఆ ఉచ్చు అక్కడ కుదరదని నాకూ తెలుసు, అయినా ఆ రాత్రి కాగితం మీద ఒకసారి గీసి చూసుకున్నాను.

ఢిల్లీ మిత్రుడికి ఒక మాట. రంగుల విషయంలో మీతో ఏకీభవిస్తాను. ముడి విప్పడం విషయంలో మాత్రం అంత తొందర పడలేను. రెండు దారులున్న లైనులో ఒక దారిలో సిగ్నలు చెడితే రెండో దారిలో నాలుగు బండ్లు మళ్లించి బయటపడవచ్చు. ఆ సుఖం విలువ రాత్రి డ్యూటీ చేసినవాడికి తెలుస్తుంది. ప్రయాణికుడికి చిక్కుగా ఉన్నది కంట్రోలరుకు ఊపిరి. నేను ఇప్పుడు ప్రయాణికుణ్ని కాబట్టి రోజుకొక పక్షం మారుతున్నాను.


హెండన్ విద్యార్థి:

పరీక్ష అయిపోయింది. అంకుల్, ఉత్తరపు బండి కోసం ఎదురుచూస్తూ ఆ కెన్నింగ్టన్‌లో నేను కనీసం వంద సార్లు నిలబడి ఉంటాను. ఆ బండి ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. యూస్టన్ గురించి తప్పు చెప్పినందుకు క్షమించండి.

దిద్దుబాటుగా ఒకటి చెబుతాను. క్లాఫం నార్త్, క్లాఫం కామన్ అని అదే లైనులో మోర్డెన్ వైపు రెండు స్టేషన్లున్నాయి. ఒకే సొరంగం, నడిమధ్యన సన్నటి ప్లాట్‌ఫారం ఒక్కటే, రెండు పక్కలా బండ్లు. గోడ లేదు, ఆనుకోవడానికి ఏమీ లేదు. రెండు వైపులా ఒకేసారి బండ్లు వస్తే కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. మీకు నచ్చుతుంది. ఆంటీ గారిని మాత్రం తీసుకెళ్లకండి.


టూటింగ్ బెక్ కోడలు:

మంచి మాట చెప్పావు తమ్ముడూ. ట్యూబ్ సొరంగాల్లో అటువంటి ప్లాట్‌ఫారాలు ఇప్పుడు ఆ రెండే మిగిలాయి. ఏంజెల్‌లోనూ ఉండేది, 1992లో మార్చేశారు. బాబాయి గారూ, వెళ్తే పదకొండు తరువాత, జనం పల్చబడ్డాక వెళ్లండి. అక్కడి నుంచి మూడు స్టేషన్ల అవతల మా ఇల్లు. పిన్ని గారితో కలిసి భోజనానికి రండి. చేగోడీలు తెచ్చినా తేకపోయినా సరే.


పాత కంట్రోలర్:

తప్పకుండా వస్తాం తల్లీ. గురువారం అనుకుంటున్నాం. మా ఆవిడ పిండి కలిపేసింది కూడా.

మా మిత్రుడికి ఫోను చేసి ఎర్ర మఫ్లరు కథంతా చెప్పాను. నమ్మలేదు. ఈసారి సింహాల దగ్గర వద్దు, కెన్నింగ్టన్ ఉత్తరపు ప్లాట్‌ఫారం మీద కలుద్దాం, నేను కూడా చూస్తాను అన్నాడు. ఏ బండి ఎక్కాలో మాత్రం మూడుసార్లు నాచేత చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నాడు.